అది పైత్యం కాదు

కార్తీకమాసం రెండో సోమవారం తెల్లవారుజామున, ఐదు గంటలు కావస్తుండగా, మా అమ్మ బాత్రూంలో స్పృహ తప్పి పడిపోయింది. విశాఖపట్నం సీతమ్మధారలో మేము అద్దెకుంటున్న ఫ్లాటులో ఆ బాత్రూం ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉంటుంది. తలుపు లోపలినుంచి గడియ పెట్టి ఉంది. ఎన్నిసార్లు పిలిచినా పలకకపోయేసరికి మావారు భుజంతో తోసి గడియ ఊడగొట్టారు. కుళాయిలోంచి నీళ్ళు పడుతూనే ఉన్నాయి, గోడమీది గ్యాస్ గీజరులో నీలిమంట వెలుగుతూనే ఉంది, గదంతా ఆవిరి కమ్ముకొని ఉంది. ఏ వాసనా లేదు. నేను ఇంటర్మీడియట్ పిల్లలకు ఇరవై రెండేళ్ళుగా రసాయనశాస్త్రం చెబుతున్నాను. అయినా ఆ గదిలో అడుగుపెట్టినప్పుడు నాకు తట్టినవి రెండే, ఒకటి అమ్మ బీపీ, రెండోది అమ్మ ఉపవాసం. ఆమెను హాల్లోకి మోసుకొచ్చి పడుకోబెట్టి, కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు తీసి వేలికి తగిలించాను. 98 చూపించింది. ఆ అంకె చూసి నా మనసు కుదుటపడింది.

అంతకుముందు ఆరు వారాలుగా అమ్మకు తలనొప్పి వస్తూనే ఉంది. వానలు పట్టిన దగ్గర్నుంచి ఆమె వేడినీళ్ళు పోసుకోవడం మొదలుపెట్టింది. స్నానం చేసి వచ్చి దేవుడి ముందు కూర్చోగానే కణతలు పట్టేసేవి, కడుపులో తిప్పేది, కాళ్ళు తేలిపోతున్నట్టు ఉండేది. పది గంటలయ్యేసరికి అదంతా దానంతటదే సర్దుకునేది. ఇలాంటి బాధలన్నిటికీ మన ఇళ్ళల్లో ఎప్పటినుంచో పేర్లున్నాయి. పరగడుపున తిప్పితే పైత్యమంటాం, తల బరువెక్కితే పడిశం పట్టబోతోందంటాం, కళ్ళు తిరిగితే నీరసమంటాం. శొంఠి కషాయమూ జీలకర్ర నీళ్ళూ అయ్యాయి. సందు చివరి నర్సింగ్ హోంలో డాక్టరుగారు బీపీ మాత్ర మార్చి, ఈ వయసులో ఉపవాసాలు మానుకోవాలని గట్టిగా చెప్పి పంపించారు. జ్వరమూ లేదు, జలుబూ లేదు. మధ్యలో విజయనగరంలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళి పదిరోజులున్నప్పుడు ఒక్కరోజు కూడా తలనొప్పి రాలేదు. మనవణ్ణి చూసుకున్న సంతోషంతో తగ్గిందని అందరమూ అనుకున్నాం. చెల్లెలి ఇంట్లో ఉన్నది కరెంటు గీజరన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తుకు రాలేదు.

ఆ ఉదయం ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకొని వెళ్ళబోతున్న ఒక చిన్న వయసు డాక్టరమ్మ, కేసు షీటు చూసి, అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. "ఆంటీ, మీ ఇంట్లో నీళ్ళు దేనిమీద కాచుకుంటారు?" నేను జవాబు చెప్పేలోపే ఆమె నర్సును పిలిచి, ముఖానికి బిగుతుగా పట్టే మాస్కుతో పూర్తి ఆక్సిజన్ పెట్టించింది, రక్తం తీయించి ప్రత్యేక పరీక్షకు పంపించింది. అమ్మ రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్‌లో 22 శాతం, గాలి చాలని మంటలో పుట్టే రంగూ వాసనా లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ చేతిలో ఉందని ఆ పరీక్షలో తేలింది. పొగతాగని మనిషిలో అది రెండు మూడు శాతానికి మించి ఉండకూడదు.

ఇక్కడ కొంచెం రసాయనశాస్త్రం చెప్పక తప్పదు. కార్బన్ మోనాక్సైడుకు హీమోగ్లోబిన్‌తో ఉండే పొత్తు, ఆక్సిజన్‌కు ఉండే పొత్తుకంటే సుమారు 200 నుంచి 250 రెట్లు గట్టిది. అందువల్ల గాలిలో అది లేశమాత్రంగా ఉన్నా రక్తంలో కూర్చోవలసిన చోటల్లా అదే వచ్చి కూర్చుంటుంది. పైగా అది కొన్ని చోట్లు ఆక్రమించగానే, మిగిలిన చోట్లలో ఉన్న ఆక్సిజన్‌ను కూడా హీమోగ్లోబిన్ కండరాలకూ మెదడుకూ సులువుగా వదలదు. గాలి పీలుస్తూనే ఉంటాం, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఊపిరాడడం లేదన్న బాధ కూడా తెలియదు, మెదడుకు మాత్రం అందవలసింది అందదు. ఆక్సీమీటరు మనల్ని మోసగించేది కూడా ఇక్కడే. అది రెండు రకాల కాంతి పంపి రక్తం రంగును బట్టి అంచనా వేస్తుంది. కార్బన్ మోనాక్సైడు పట్టిన హీమోగ్లోబిన్ కూడా ఎర్రగానే ఉంటుంది కాబట్టి దాన్ని ఆక్సిజన్ పట్టినదిగానే లెక్కగడుతుంది. విశాఖలో ఇప్పుడు ఆక్సీమీటరు లేని ఇల్లు అరుదు. 2020లో, 2021లో ఆ చిన్న పెట్టె చూపించే అంకెను నమ్మి బతికినవాళ్ళం, అది ఈ ఒక్క సందర్భంలో ఎందుకూ పనికిరాదని ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

మామూలు గాలి పీలుస్తూ ఉంటే రక్తంలోని ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే సుమారు గంటన్నరలో సగమవుతుంది. నర్సింగ్ హోంకు అమ్మను ఎప్పుడు తీసుకువెళ్ళినా మధ్యాహ్నం పన్నెండు దాటాకే తీసుకువెళ్ళాం. అప్పటికి ఆధారం చాలావరకు ఊపిరితో బయటికి వెళ్ళిపోయి ఉంటుంది. కాబట్టి ఆ డాక్టరుగారిని నేను తప్పుపట్టను, కానీ ఆయన కూడా ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే బాగుండేదన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు. గ్యాస్ గీజరున్న బాత్రూంలో మూర్ఛ వచ్చి పడిపోయినవాళ్ళకు అపస్మారమని, అంటే ఫిట్స్ జబ్బని పొరపడి ఏళ్ళ తరబడి మందులు వాడించే ప్రమాదం ఉందని మన దేశపు నరాల వైద్యులు వైద్య పత్రికల్లో రాశారు కూడా.

విశాఖ మనుషులకు గ్యాస్ అంటే భయం లేక కాదు. 1997 సెప్టెంబరు 14న మల్కాపురం రిఫైనరీలో ఎల్పీజీ లీకై, అంటుకొని, అరవైమంది దాకా చనిపోయారు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ప్లాస్టిక్ ఫ్యాక్టరీలోంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఇళ్ళమీదికి వచ్చి పన్నెండుమంది ప్రాణాలు తీసింది. ఆ రోజు ఊరు ఊరంతా ముక్కుకు గుడ్డ కట్టుకొని పరుగెత్తింది. అందుకే వంటింట్లో కాస్త వాసన వస్తే చాలు, మనం రెగ్యులేటరు కట్టేస్తాం, కిటికీలు తెరుస్తాం, స్విచ్చి ముట్టుకోవద్దని పిల్లల్ని అరుస్తాం. వంట గ్యాసుకు స్వతహాగా వాసన లేదని, లీకైతే తెలియాలని కంపెనీలే అందులో ఇథైల్ మెర్కాప్టన్ కలుపుతాయని చాలామందికి తెలుసు. ఈ జాగ్రత్తంతా అవసరమైనదే. కానీ అది కాలని గ్యాసు గురించిన జాగ్రత్త. మంటలో గ్యాసుతో పాటు ఆ వాసన కూడా కాలిపోతుంది. మా బాత్రూంలో ఏదీ లీకవలేదు. పైపు బాగుంది, బర్నరు బాగుంది, మంట నీలంగా ఉంది. మంటకు చాలినంత గాలి మాత్రం లేదు.

బొగ్గు గనుల్లో ఈ సంగతి ఏనాడో గ్రహించారు. ముక్కును నమ్మి లాభం లేదని ఒప్పుకొని, మనిషికంటే ముందే సొమ్మసిల్లే కానరీ పిట్టను పంజరంలో పెట్టుకొని గనిలోకి దిగేవారు. జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త 1890లలో చేసిన సూచన అది, బ్రిటన్ గనుల్లో 1986 దాకా నడిచింది. మన బాత్రూంలలో ఆ పిట్ట కూడా లేదు.

అమ్మ ఇంటికి వచ్చిన వారం నేను తెల్లకాగితం మీద ఒక లెక్క వేసుకున్నాను. నిమిషానికి ఆరు లీటర్ల నీళ్ళు వేడిచేసే మామూలు గీజరు సుమారు 10 కిలోవాట్ల వేడినిస్తుందనుకుందాం. అంటే పది నిమిషాల స్నానానికి దాదాపు 130 గ్రాముల ఎల్పీజీ కాలుతుంది. ఒక కిలో ఎల్పీజీ పూర్తిగా కాలాలంటే సుమారు 13 ఘనపు మీటర్ల గాలిలో ఉండే ఆక్సిజన్ కావాలి. ఆ లెక్కన పది నిమిషాల్లో ఆ మంట తినేసే ఆక్సిజన్, ఒకటిన్నర ఘనపు మీటర్లకు పైగా గాలిలో ఉండేదంత. మా బాత్రూం ఎత్తు ఎనిమిదడుగులనుకుంటే మొత్తం 280 ఘనపుటడుగులు, అంటే దాదాపు 8 ఘనపు మీటర్లు. తలుపూ వెంటిలేటరూ మూసి ఉంటే, ఒక్క మనిషి స్నానం ముగిసేసరికి గదిలోని ఆక్సిజన్‌లో ఐదోవంతు పోతుంది. 21 శాతం ఉండవలసింది 17 శాతానికి దిగువకు వస్తుంది. ఆ స్థాయిలో కొవ్వొత్తి ఆరిపోవడానికి సిద్ధంగా ఉంటుంది, మనిషికి మాత్రం ఏమీ తెలియదు. అంతకు చాలా ముందే మంట సరిగా కాలడం మానేస్తుంది, కార్బన్ డయాక్సైడుగా మారవలసినది సగంలో ఆగి మోనాక్సైడుగా మిగిలిపోతుంది. అది మళ్ళీ అదే గదిలోకి, అదే మనిషి ఊపిరిలోకి వస్తుంది. ఒకరి తరువాత ఒకరు స్నానానికి వెళ్ళే ఇంట్లో మూడోవాళ్ళ పరిస్థితి ఏమిటో ఈ లెక్కే చెబుతుంది. చాలా గీజర్లు 20 నిమిషాలకు వాటంతటవే ఆగిపోతాయి, నిజమే. కుళాయి కట్టి మళ్ళీ విప్పితే ఆ 20 నిమిషాలూ మళ్ళీ మొదటినుంచి మొదలవుతాయి.

ఇంతకీ మా వెంటిలేటరు ఎందుకు మూసి ఉంది? దోమల కోసం ఓనరుగారు అద్దపు రేకులు తీసేసి ప్లైవుడ్ ముక్క బిగించారు, పావురాలు దూరకుండా బయట వల కట్టించారు. వల వెనక ఉన్నదైనా వీధి కాదు, ఐదంతస్తుల బాత్రూంలన్నీ తెరుచుకునే డక్టు. వానకు పైపులు తడిసి గోడ చెమ్మెక్కుతోందని అసోసియేషన్ వాళ్ళు రెండేళ్ళ కిందట ఆ డక్టుకు పైన ప్లాస్టిక్ రేకు వేయించారు. దోమలు, పావురాలు, చెమ్మ, ఒక్కొక్కదానికీ న్యాయమైన కారణమే ఉంది. అన్నీ కలిసి ఒక పెట్టె తయారయింది. ఆ పెట్టెలో కింది అంతస్తు గీజరు వదిలిన గాలి పై అంతస్తు బాత్రూంలోకి రావడానికి కూడా దారి ఉంది. మా చిన్నప్పుడు విజయనగరంలో దొడ్లో మూడురాళ్ళ పొయ్యిమీద కాగు పెట్టి, పుల్లలు ఎగదోసి నీళ్ళు కాచేవారు. ఆ పొయ్యి కూడా ఇదే విషం పుట్టించేది, ఇంతకంటే ఎక్కువే పుట్టించి ఉంటుంది. కానీ పొయ్యి ఆకాశం కింద ఉండేది, పొగ కళ్ళు మండించి మనుషుల్ని దూరంగా నిలబెట్టేది. పొగ కనిపించకుండా చేసుకొని, పొయ్యిని మాత్రం గడియ పెట్టుకునే గదిలోకి తెచ్చుకున్నాం.

గీజరు బిగించడానికి వచ్చిన కుర్రవాడు బాగా పనితెలిసినవాడు. "ఇక్కడైతే మంటకు గాలి ఆడుతుందా బాబూ" అని నేను అడగకపోలేదు. "ఏం కాదు మేడమ్, అందరూ లోపలే పెట్టించుకుంటున్నారు, బయట పెడితే పైపు ఖర్చు ఎక్కువవుద్ది" అన్నాడు. అమ్మ పడిపోయాక నేను స్టూలెక్కి చూస్తే, గీజరు పక్కభాగం మీద అరచేతిలో సగమంత స్టిక్కరు కనిపించింది. గాలి వెలుతురు ధారాళంగా ఉన్నచోటే బిగించాలని అందులో ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. దాని అంచు అప్పటికే ఆవిరికి లేచిపోయింది. గీజరు ముందువైపు ఐఎస్‌ఐ గుర్తు మాత్రం స్పష్టంగా ఉంది. ఆ గుర్తు అబద్ధం కాదు. భారతీయ ప్రమాణాల సంస్థ ఎల్పీజీ గీజర్లకు ఐఎస్ 15558 అనే ప్రమాణం పెట్టింది, పరికరం అందుకు తగ్గట్టే తయారై ఉండవచ్చు. కానీ ఆ గుర్తు పరికరానికి ఇచ్చినది, దాన్ని వేలాడదీసిన గదికి ఇచ్చినది కాదు.

నేను వాదించదలచుకున్నది ఇదే. గ్యాస్ గీజరు విషయంలో జాగ్రత్తగా ఉండండని ఇంట్లోవాళ్ళకు చెప్పి ఊరుకోవడం బాధ్యత తప్పించుకోవడమే. తలుపు తీసి ఉంచి బకెట్టు నింపుకోండి, గీజరు కట్టేశాక లోపలికి వెళ్ళండి అని చెబుతారు. మంచి సలహాయే, ఈ రాత్రికి వేరే దారి లేనివాళ్ళు తప్పకుండా అలాగే చేయాలి. కానీ డెబ్బై నాలుగేళ్ళ మనిషి, చలిగాలికి ముడుచుకుంటూ, కార్తీక సోమవారం చీకటితో లేచి, ప్రతిరోజూ తప్పకుండా ఆ వరుస పాటిస్తుందా? చంటిపిల్లకు నీళ్ళు పోసే తల్లి పాటించగలదా? తప్పటడుగు వేస్తే ప్రాణం పోయే చోట అలవాటుమీద ఆధారపడకూడదు, గోడమీద ఆధారపడాలి. గీజరు బాత్రూం గోడకు బయట, బాల్కనీలోనో యుటిలిటీలోనో ఉండాలి, వేడినీళ్ళు మాత్రమే పైపు ద్వారా లోపలికి రావాలి. అలా వీలుకాని ఇంటికి గ్యాస్ గీజరు అమ్మకూడదు, బిగించకూడదు. నా మాట కఠినంగా తోచవచ్చు, అయినా దీన్ని ఇంతకంటే మెత్తగా చెప్పడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

"మేము పదేళ్ళుగా వాడుతున్నాం, ఏమీ కాలేదు" అని మా అపార్ట్‌మెంట్‌లోనే ముగ్గురు అన్నారు. వాళ్ళ మాట నేను నమ్ముతాను. వాళ్ళ వెంటిలేటరు తెరిచి ఉండి ఉంటుంది, స్నానాలు త్వరగా ముగిసి ఉంటాయి. ఏమీ కాలేదని అంటున్నవాళ్ళలో ఒకరి భార్యకు మాత్రం ఆదివారాలు, తలంటు రోజుల్లో తలనొప్పి వస్తుందట. గర్భిణులకు, కడుపులోని బిడ్డకు, గుండెజబ్బు ఉన్నవాళ్ళకు తక్కువ మోతాదు కూడా పెద్ద హాని చేస్తుంది. ఒకసారి తేరుకున్న మనిషికి కూడా కొన్ని రోజులకో వారాలకో మతిమరుపు, నడకలో తూలు, స్వభావంలో మార్పు కనిపించవచ్చు. అమ్మ సంక్రాంతి దాకా లలితా సహస్రనామంలో వరుస తప్పుతూనే ఉంది. యాభై ఏళ్ళుగా పుస్తకం చూడకుండా చదివిన మనిషి ఒక నామం దగ్గర ఆగిపోయి నా వైపు చూసేది.

ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది కదా అని మరికొందరు అంటారు. గాలి లోపలికి రావడానికి దారి లేనప్పుడు ఫ్యాను పెద్దగా లాగగలిగేది ఏమీ ఉండదు. గీజరుకు పొగగొట్టం ఉంటే, బయటికి పోవలసినదాన్ని ఫ్యానే వెనక్కి గుంజే ప్రమాదం కూడా ఉంది. వంటింటి సంగతి వేరు. అక్కడ మంట చిన్నది, గది పెద్దది, తలుపు తెరిచి ఉంటుంది. అయినా గొట్టం లేకుండా గాలిని వడగట్టి మళ్ళీ గదిలోకే వదిలే రకం చిమ్నీలు నూనె జిడ్డును పట్టుకుంటాయే తప్ప కార్బన్ మోనాక్సైడును పట్టుకోలేవని కొనేవాళ్ళకు ఎవరూ చెప్పడం లేదు. చలికాలం లంబసింగి, పాడేరు వైపు వెళ్ళి, గదిలో నిప్పుల కుంపటి పెట్టుకొని తలుపులు బిగించుకొని పడుకోవడం వీటన్నిటికంటే ప్రమాదకరం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తరువాత కరెంటు లేని రోజుల్లో మా పాత అపార్ట్‌మెంట్ సెల్లారులో రాత్రంతా జనరేటరు నడిపాం. పై మెట్లమీద పిల్లలు పడుకున్నారు. ఆ సంగతి ఇప్పుడు తలచుకుంటే నాకు చేతులు చల్లబడతాయి.

అలారం పరికరాలు మంచివే, నేనూ ఒకటి కొని హాల్లో పెట్టాను. ఐతే దాన్ని చూసుకొని గీజరును లోపలే ఉంచుకుందామనుకోవద్దు. యూరప్ ప్రమాణం ప్రకారం తయారైన అలారం, పది లక్షల భాగాల గాలిలో 100 భాగాల మోనాక్సైడు ఉంటే 10 నుంచి 40 నిమిషాల మధ్య మోగుతుంది, 300 భాగాలు దాటితే మూడు నిమిషాల్లో మోగుతుంది. పైగా ఆవిరి పట్టే బాత్రూంలో దాన్ని పెట్టకూడదు. మార్కెట్‌లో దొరికే వంటగ్యాసు లీకు అలారానికి మోనాక్సైడు సంగతి తెలియదు, ఈ రెండూ వేరువేరు పరికరాలు.

ఇంగ్లండ్‌లో అద్దె ఇంట్లో గ్యాసు పరికరం పెట్టిన యజమాని దాన్ని ఏటా అర్హుడైన మనిషితో తనిఖీ చేయించి తీరాలని 1998 నాటి నిబంధన ఉంది. గ్యాసు బాయిలరున్న గదిలో అలారం పెట్టడం 2022 అక్టోబరు 1 నుంచి యజమాని బాధ్యత అయింది. అక్కడి చలి మనకు లేదు కాబట్టి ఆ నియమాలు మనకెందుకని అనుకోవచ్చు. మనకు చలి లేకపోవచ్చు, గడియ వేసిన ఐదడుగుల గది మాత్రం ఉంది. కొత్త అపార్ట్‌మెంట్‌లో కాపురానికి అనుమతిగా మా నగరపాలక సంస్థ జీవీఎంసీ ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు గీజరుకు బయటిగోడ మీద చోటు వదిలారా, బాత్రూంలకు నిజంగా గాలి ఆడుతోందా, డక్టు పైన మూత వేశారా అని చూడడం పెద్ద పనేమీ కాదు. అద్దె అగ్రిమెంటులో సున్నం గురించి, మేకుల గురించి రాసుకుంటున్నాం, గీజరు ఎక్కడుందో కూడా ఒక వాక్యం రాసుకోవచ్చు.

ఎవరైనా స్నానాల గదిలో పడిపోతే ముందుగా తలుపులన్నీ బార్లా తెరిచి, మనిషిని బయటిగాలికి లాక్కురండి, మీరు లోపల నిలబడి సేవలు చేయకండి. గీజరు కట్టేయండి, 108కి ఫోన్ చేయండి. ఉల్లిపాయ వాసన చూపించడం, ముఖాన నీళ్ళు చల్లడం అంటూ సమయం పోగొట్టుకోవద్దు. అంబులెన్సు వాళ్ళకూ డాక్టరుకూ మీరు చెప్పే మొదటి మాట బాత్రూంలో గ్యాస్ గీజరుందని అయి ఉండాలి. అది వినగానే వాళ్ళు ఆక్సీమీటరును పక్కన పెడతారు.

మా గీజరు ఇప్పుడు యుటిలిటీలో ఉంది. పదకొండడుగుల పైపు, రెండు గంటల పని పట్టింది. ఓనరుగారు ఖర్చులో సగం ఇచ్చారు, ప్లైవుడ్ ముక్క స్వయంగా తీశారు. అక్కడ ఇప్పుడు సన్నని జాలీ ఉంది, దోమ రాదు, గాలి వస్తుంది. డక్టు పైరేకు తీసేయాలని నేను అసోసియేషన్ మీటింగులో రెండుసార్లు అడిగాను, చెమ్మ మాట తేలేదాకా ఆగమన్నారు, మళ్ళీ అడుగుతాను. మా కింద రెండో అంతస్తులో నాలుగు నెలల పాప ఉంది, వాళ్ళ గీజరు కూడా బాత్రూంలోనే ఉంది. పండగ వెళ్ళాక బయటికి మార్పిస్తామన్నారు. అంతదాకా పాప స్నానానికి వంటింట్లో కిటికీ తీసి నీళ్ళు కాచుకోమ్మా అని ఆ అమ్మాయికి చెప్పి, మా అమ్మ ఇత్తడి గుండిగ ఇచ్చి వచ్చాను.